కీసరగుట్ట శిలాలేఖము: ఏకవచనమా? బహువచనమా?

హైదరాబాదునకుఁ దూర్పున నుప్పల్, నాచారము, కాప్రాల మీఁదుగాఁ గీసరగుట్ట వఱకు వ్యాపించిన భూమి శిలామయము. ఇండ్లును వీథులును బెరిగి చాలవఱకుఁ గప్పివైచినను, మౌలాలి కొండయందును, కీసర పోవు త్రోవ కిరువంకలను గ్రానైటు గుండ్లు నేఁటికిని దల లెత్తియున్నవి. ఇట్టి చోట గీఁతలు గల ఱాయి యొకటి కంటఁబడఁగానే శాసనమని యొకరును, నిధిగుఱుతని యొకరును, దేవలిపి యని వేఱొకరును జెప్పుట లోకసహజము. ఆ మాటలలోఁ బెక్కులు పరీక్షకు నిలువవు. కాని యా గుట్టలలోనే నిజముగా నక్షరములు గల ఱాయి యొకటి కలదు. దానిపై నున్నది యొకేయొక పదము. ఆ పదమునకుఁ బ్రచారములో నున్న పాఠమును, దాని కీయఁబడిన యర్థమును వ్యాకరణదృష్టితోఁ బరిశీలించుట యీ వ్యాసమునకు విషయము.

గీఁతయు వ్రాతయు

ముందు వ్రాతకును గీఁతకును భేదము తెలియవలయును. ఈ ప్రాంతపు గుండ్లపై మూఁడు విధములగు రేఖలు కనఁబడును. వాననీరు పాఱి కోసిన చాళ్లు, ఎండకును వానకును బొర లూడిన యంచులు, ఱాతి నడుమఁ బాఱిన తెల్లని యీనెలు మొదటివి; ఇవి ప్రకృతి చేసినవి. ఱాతిని జీల్చుటకై వరుసగాఁ దొలిచిన గుంటలు, పనిముట్లు నూఱిన గాళ్లు, ఱోళ్లు రెండవవి. ఇవి మనుష్యుఁడు చేసినవే గాని చదువుటకై చేసినవి గావు. మూఁడవవి మాత్రమే యక్షరములు.

అక్షరములకుఁ బంక్తి యుండును. ఎత్తు ఇంచుమించు సమముగా నుండును. గాడి లోఁతును వెడల్పును నొక్కచేతి పనిగాఁ దోఁచును. చీల్పుగుంటలకుఁ బంక్తి కలదు గాని యాకృతిభేదము లేదు. నీటిచాళ్ల కాకృతిభేదము కలదు గాని పంక్తి లేదు. రెండును గలిగి, యా యాకృతులు తెలిసిన లిపికి సరిపడి, చదువఁగాఁ బదమైనప్పుడే ఱాయి శాసన మనిపించుకొనును. ఈ పరీక్షలఁ గీసరగుట్ట ఱాయి నెగ్గినది. దాని లిపి దక్షిణదేశ బ్రాహ్మీలిపి పరిణామము. దాని భాష తెలుఁగు. కావున వివాదము శాసనమా, కాదా యని గాదు. శాసన మేమనుచున్నది యని.

లేఖస్వరూపము

కీసరగుట్ట రామలింగేశ్వరాలయమునకుఁ బ్రసిద్ధి గన్నది. గుట్టపైఁ బురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో నిటుకకట్టడములును, విష్ణుకుండి రాజుల కాలపు వస్తువులును వెలికి వచ్చినవి. ఆలయపరిసరములందు ఱాతిని దొలిచిన గుహలు గలవు. అందొకదానియొద్ద నీ చిన్న లేఖము కలదు. సంవత్సరము లేదు, రాజనామము లేదు, దానప్రసక్తి లేదు. అక్షరాకృతినిబట్టి దీనిని విష్ణుకుండి కాలమునకు, ననఁగా సుమారు క్రీ. శ. 4, 5 శతాబ్దులకుఁ జేర్చుచున్నారు. తెలంగాణమునఁ దెలిసినంతలో మొదటి తెలుఁగు లేఖమని దీనికిఁ బేరు వచ్చినది.

ప్రచారములో నున్న పాఠము 'తొలుచువాండ్రు'. ఱాతిని దొలుచు పనివారని దీని కర్థము చెప్పుదురు. వేఱొక పాఠము 'తులచువాన్ఱు'. రెండవది మొదటిదానికిఁ బ్రాచీనరూపమే యని యెంచి, రెంటికిని బహువచనార్థమునే చెప్పుట వాడుకయైనది. చిక్కు ఇక్కడనే యున్నది. ఈ రెండు పాఠములును పైకిఁ బోలికగాఁ దోఁచినను, వ్యాకరణమున నొకటి గావు.

ఆద్యక్షరవిచారము

తొలి యక్షరము 'తొ' యా 'తు' యా యను సంశయము తీవ్రమైనది గాదు. సంస్కృతమున హ్రస్వములగు ఎకార ఒకారములు లేవు. ప్రాకృతమునఁ గొన్నిచోట్ల నుచ్చారణమున నున్నను, లిపిలో వానికి వేఱు గుఱుతులు లేవు. అట్టి భాషలకై యేర్పడిన లిపితోఁ దెలుఁగు వ్రాయఁబూనినవాఁడు, 'తొ' యను ధ్వనికి 'తో' గుఱుతునైన వాడవలయును, 'తు' గుఱుతునైన వాడవలయును. తనయొద్ద లేని గుఱుతును వాఁ డెట్లు చెక్కఁగలఁడు?

మఱియు నీ ధాతువునందు ఉకార ఒకారముల మార్పు సోదరభాషలలోఁ గూడఁ గలదు. తమిళమున 'తొళ్' అను ధాతువునకు రంధ్రము చేయుట యర్థము. 'తుళై' యను శబ్దమునకు రంధ్రము అర్థము. తెలుఁగున 'తొలుచు', 'తొలచు' అను రెండు రూపములును వాడుకలో నున్నవి. కావున తులచు, తొలచు, తొలుచు అనునవి యొకే ధాతువు. ఇంతవఱకు రెండు పాఠములకును విరోధము లేదు.

తద్ధర్మార్థము

'తొలుచు' అనునది యిచ్చటఁ దద్ధర్మార్థక విశేషణము. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణము చదివినవారి కీ పారిభాషికము క్రొత్తది గాదు. తొలిచినవాఁడు వేఱు, తొలుచుచున్నవాఁడు వేఱు, తొలుచువాఁడు వేఱు. మొదటిది పనిని ముగించినవానిని, రెండవది పనిలో నున్నవానిని, మూఁడవది యా పని తన ధర్మముగాఁ గలవానిని జెప్పును.

పాణినియు నీ భేదమును గుర్తించినవాఁడే. తృతీయాధ్యాయమున శీలము, ధర్మము, నైపుణ్యము అను మూఁడర్థములఁ గర్తను జెప్పు ప్రత్యయములకు వేఱుగా నధికార మేర్పఱచినాఁడు. అదే యధ్యాయమున వేఱొకచోట శిల్పియగు కర్తకు ష్వున్ ప్రత్యయమును విధించినాఁడు. వార్తికకారుఁడు దానిని నృత్, ఖన్, రంజ్ అను మూఁడు ధాతువులకుఁ బరిమితము చేసెను. వానినుండి నర్తకుఁడును, ఖనకుఁడును, రజకుఁడును నేర్పడుదురు. ఒకప్పుడు గుంట త్రవ్విన ప్రతివాఁడును ఖనకుఁడు గాఁడు. త్రవ్వుట వృత్తిగాఁ గలవాఁడే ఖనకుఁడు. కీసరగుట్ట పదమును సంస్కృతమునఁ జెప్పవలసినచో నింతకంటెఁ దగిన శబ్దము దొరకుట యరిది.

ఇందువలన నొక విషయము తేలుచున్నది. ఈ లేఖము 'ఈ గుహను దొలిచినవాఁడు ఫలానావాఁడు' అని చెప్పు సంతకము గాదు. అట్లు చెప్పఁదలఁచినచో భూతకాలవిశేషణము రావలసియుండును. ఇది వృత్తినామము. దీనిని గుహానిర్మాణకథగా విస్తరించి వ్రాయువా రీ సూక్ష్మమును మఱవరాదు.

తుది సంయుక్తాక్షరము

ఇఁకఁ దుది యక్షరము. వివాదమునకుఁ బ్రాణ మిదియే. 'వాండ్రు' అనుచో ననునాసికము, డకారము, రేఫము గలవు. 'వాన్ఱు' అనుచో నకారము, ఱకారము మాత్రమే కలవు. 'వాండ్రు' తుది నున్న 'రు' బహువచనప్రత్యయము. దాని రేఫము సాధురేఫము. తమిళమునను మనుష్యవాచకముల బహువచనమున నున్నది యీ సాధురేఫమే. శకటరేఫముతో బహువచనము చేయుట వ్యాకరణమునకు సమ్మతము గాదు. ఇప్పటి వాడుకలో రెండు రేఫములును గలసిపోయినవి గాని, ప్రాచీనశాసనములనాఁడు వానికి ధ్వనియందును లిపియందును భేదము స్పష్టముగా నుండెను. ఆ భేదమును దెలిసియే పూర్వకవులు ప్రాసమున వానిని వేఱుపఱచిరి. కావున ఱాతిమీఁద నున్నది ఱకారమైనచో, దానిని బహువచనపు 'రు' గాఁ జదువుట కవకాశము లేదు.

మఱి 'న్ఱు' అన నేమి? తమిళమున 'ఒన్ఱు' అన్నచోఁ దెలుఁగున 'ఒండు' అందురు. తమిళమున 'మూన్ఱు' అన్నచోఁ దెలుఁగున 'మూఁడు' అందురు. తమిళమున 'పన్ఱి' యన్నచోఁ దెలుఁగున 'పంది' యందురు. మూలభాషయందలి యీ సంయుక్తాక్షరము తమిళలిపిలో న్ఱకారముగా నిలిచినది. తెలుఁగున ననునాసికపూర్వకమగు డకారముగనో దకారముగనో మాఱినది. దీర్ఘముమీఁద నున్న నిండుసున్న పిదప నరసున్న యైనది. 'మూఁడు' అనుచో బడిపిల్లలు వ్యర్థమని విడిచిపెట్టు నరసున్న యా పాతనకారమునకు మిగిలిన గుఱుతు. 'వాఁడు' అనుచో నున్న యరసున్నయు నట్టిదే. వాన్ఱు, వాండు, వాఁడు అనునది పరిణామక్రమము. 'వాన్ఱు' ప్రాచీనశాసనభాషలో నేకవచనరూపమని భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులగు భాషాచరిత్రకారులు నిర్ణయించియున్నారు.

ఇందువలన ఫలితార్థ మిది: 'తులచువాన్ఱు' అను పాఠము సరియైనచో, నేఁటి తెలుఁగున దానికి సమానము 'తొలుచువాఁడు', 'తొలుచువాండ్రు' గాదు. పాఠ మొకటి గ్రహించి యర్థము వేఱొక పాఠముది చెప్పుట విమర్శకమార్గము గాదు.

పూర్వపక్షములు

దీనిపై నాక్షేపములు రావచ్చును. గుహను దొలుచుట యొకని పని గాదు, కావున బహువచనమే తగునని యొక యాక్షేపము. పని పలువురిదైనను, వ్రాసినపదము పలువురను జెప్పవలయునను నియమము లేదు. అర్థౌచిత్యము రెండు రూపములకును సమానముగాఁ దగిన చోట సంశయమును దీర్చును గాని, లేని ప్రత్యయమును గల్పింపఁజాలదు. పైఁగా నిది వృత్తినామమే గాని క్రియను వర్ణించు వాక్యము గాదని ముందే చూపఁబడినది.

ఒక్కనినే చెప్పఁదలఁచినచోఁ బేరు వ్రాయక వృత్తి నేల వ్రాయునని రెండవ యాక్షేపము. బ్రహ్మగిరియందలి యశోకుని ధర్మలిపి తుదను లిపికరుఁడగు చపడుఁడు తన పేరు చెప్పికొన్నాఁడు. జోగిమారా గుహలో దేవదిన్నుఁడను రూపదక్షుని పేరు గలదు. పట్టదకల్లు విరూపాక్షాలయమున ననివారితాచారి గుండుఁడు రాజసత్కారములతోఁ గీర్తింపఁబడినాఁడు. ఈ మువ్వురకును బేళ్లు గలవు. వారి పనియు నం దుక్తమైనది. కీసరగుట్టవానికిఁ బేరు లేదు. కాని వృత్తియే పేరగుట తెలుఁగుదేశమున వింత గాదు. కుమ్మరి వచ్చెను, కమ్మరి పోయెను అని పల్లెలలోఁ జెప్పునప్పుడు వినువానికి మఱియొక పేరుతోఁ బని యుండదు. ఒక యూర నొక్కఁడే కమ్మరి యున్నప్పు డా శబ్దము జాతివాచక మయ్యును సంజ్ఞవలెఁ బ్రవర్తించును. ఏకవచనమునకు బాధకము గాదు సరికదా, యది యేకవచనమునకే సాధకము.

రకారమునకు మాఱుగా ఱకారమును బొరపాటునఁ జెక్కియుండునని మూఁడవ యాక్షేపము. పొరపా టసంభవము గాదు. కాని యున్నదున్నట్లుగాఁ జదివి యర్థము కుదిరినప్పుడు, తప్పు గల్పించి దిద్ది వేఱర్థము చెప్పుట కల్పనాగౌరవము. అక్షర మర్థహీనమైనప్పుడు మాత్రమే దిద్దుబాటున కధికారము.

'న్ఱు' అను పాఠమే తప్పు, నిజముగా నున్నది 'ండ్రు' అని నాలవ యాక్షేపము. ఇది మాత్రము ఘనమైనది. దీనికి వ్యాకరణము సమాధానము చెప్పదు; ఱాయియే చెప్పవలయును. కాని యేమి చూడవలయునో వ్యాకరణము చెప్పఁగలదు. నకారము క్రింద నొక్క వర్ణమే యుండి యది శకటరేఫమైనచో 'న్ఱు'. మీఁద బిందువుండి డకారము క్రింద రేఫమున్నచో, లేదా యనునాసికము క్రింద డకారమును దానిక్రింద రేఫమును నున్నచో 'ండ్రు'. రెండంతస్తులా, మూఁడంతస్తులా? బిందువు గలదా, లేదా? ప్రశ్న యింతకు దిగినది.

దీనిని దేల్చుటకు సాధనము లరుదైనవి గావు. తడిపిన కాగితమును ఱాతిపైఁ బఱచి, కుంచెతోఁ గొట్టి గాళ్లలోని కద్ది, సిరా పట్టించి తీసిన యచ్చు మొదటిది. ప్రొద్దుటను సాయంకాలమునను నేటవాలుగాఁ బడు వెలుతురులో గాళ్ల నీడలు తెలియునట్లు తీసిన ఛాయాచిత్రము రెండవది. గీఁతలను సుద్దతోఁ బూరించి తీసిన చిత్రము మాత్రము సాక్ష్యము గాదు. అందుఁ గనఁబడునది ఱాతిమీఁది యక్షరము గాదు. సుద్ద పట్టినవాని యభిప్రాయము. ఱాతిబిరుసునకుఁ గల సహజపుగుంట యొకటి సుద్ద పడఁగానే బిందువగును. చిన్న పగులు రేఫమగును.

మూఁడు భాషలు

ఒక్క వచనభేదమున కింత విచార మేల యని చదువరి యడుగవచ్చును. ఈ లేఖమును దాని పరిసరములతోఁ జేర్చి చూచినఁ బ్రయోజనము తెలియును. ఉప్పల్‌నకు దక్షిణమున మూసీనదీతీరమందలి చైతన్యపురిలో నొక గుట్టబండపైఁ బ్రాకృతశాసనము గలదు. దానిని పి. వి. పరబ్రహ్మశాస్త్రి పరిష్కరించిరి. గోవిందరాజవిహార మందుఁ బేర్కొనఁబడినది. అది బౌద్ధభిక్షువుల భాష. నల్లగొండ సీమయందలి తుమ్మలగూడెమే ప్రాచీనేంద్రపాలనగరము. అచ్చట 1965లో వెలువడిన విష్ణుకుండి తామ్రశాసనములు సంస్కృతమున నున్నవి. వానిలో విక్రమేంద్రభట్టారకవర్మ శాసనము శక వర్షము 488, ననఁగా క్రీ. శ. 566 నాఁటిది. అది రాజాస్థానభాష. ఈ రెంటి నడుమఁ గీసరగుట్టయం దొక్క తెలుఁగుపదము.

విహారమునకుఁ బ్రాకృతము, సింహాసనమునకు సంస్కృతము, ఉలికిఁ దెలుఁగు. రాజులు తెలుఁగున శాసనములు వేయించుట కడపసీమలో రేనాటిచోళుఁడగు ధనంజయుని కలమళ్ల శాసనముతో, సుమారు క్రీ. శ. 575లో మొదలైనదని యెన్నుదురు. తెలంగాణమునఁ గందపద్యములు గల కురిక్యాల శాసనము క్రీ. శ. 10వ శతాబ్దినాఁటిది. అంతకు ముందే యీ గుట్టలలో నెవఁడో యొకఁడు, తన కులవృత్తిని దన యింటిభాషలోఁ బిలిచినట్లే వ్రాసినాఁడు. పండితులకును బ్రభువులకును నక్కఱపడని భాష ఱాతిపని వానిచేత లిపికెక్కినది. బహువచన మైనచో నది సంఘనామము. ఏకవచన మైనచో మనుష్యుఁడు. సంఘమును జెప్పుట, యొక మనుష్యుని జెప్పుట యొకటి గావు. తెలుఁగువ్రాతలో మొదట నిలుచువారు పేరులేని గుంపో, పేరు లేకున్నను నొంటిగా నిలిచిన పనివాఁడో తేలవలసియున్నది. ఆ నిర్ణయము శకటరేఫముమీఁద నాధారపడియున్నది.

తొందరపాటు

ప్రాచీనతయం దాసక్తి తప్పు గాదు. 2008లో భారతప్రభుత్వము తెలుఁగునకుఁ బ్రాచీనభాషాప్రతిపత్తి నొసంగిన పిదప నా యాసక్తి మఱింత పెరిగినది. కాని యాసక్తి కన్నులకుఁ గప్పు కారాదు. అమరావతీ శిలాశకలమునందలి 'నాగబు' శబ్దమును దెలుఁగున మొదటి పదముగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించినప్పుడు, ఆ గుర్తింపు భాషాచరిత్రకు గొప్ప మేలుచేసినది. శాసనములలోఁ దెలుఁగును వెదకు చూపు నిచ్చినది. అయినను శకలము శకలమే. 'బు' తరువాత నక్షరములుండి విఱిగిపోయినచో, నది బుద్ధాదిశబ్దములకు మొదలైనఁ గావచ్చును. ఆ సంశయమును జెప్పుట ప్రభాకరశాస్త్రి కీర్తికిఁ గొఱఁత గాదు. అట్లే కీసరగుట్ట పదము విషయమునను సంశయమును జెప్పుట దాని ప్రాచీనతకుఁ గొఱఁత గాదు. ఏకవచనమైనను, బహువచనమైనను, ధాతువు తెలుఁగే, వాఁడును దెలుఁగువాఁడే.

బడులలో నీ పదమును బోధించు పండితులు 'తొలుచువాండ్రు' అని యొక్క పాఠమునే చెప్పి విడువక, రెండు పాఠములను బలకమీఁద వ్రాసి, 'మూన్ఱు', 'మూఁడు' అను జంటను బ్రక్కన నుంచి చూపుదురేని, విద్యార్థులకు శాసనమును, వ్యాకరణమును, అరసున్నయు నొక్కసారి బోధపడును. కాప్రా, నాచారము, కీసర ప్రాంతములలోఁ గ్రొత్తగా గీఁతల ఱాళ్లు గన్నవారును సుద్ద పట్టింపక, నీళ్లు చల్లి గీఁకక, పంక్తిని, ఆకృతిని, గాడిని ముందు పరీక్షించి, యచ్చు తీసి, తెలిసినవారికిఁ జూపవలయును.

గుండ్లు యంత్రములచేతఁ బిండియై యిండ్ల పునాదులలోఁ బడుచున్న కాల మిది. నాఁటి తొలుచువాఁడు మిగిల్చిన యొక్కమాటను నేఁటి తొలుచువాండ్రు చెఱపకమునుపే దాని తుదియక్షరము సరిగా నచ్చు తీయఁబడి, పండితులయెదుట నుంచఁబడుఁ గాక. ఆ యచ్చునందు మూఁడంతస్తుల సంయుక్తాక్షరము గాని, బిందువు గాని కనఁబడెనేని యీ వ్యాసమునందలి పక్షము వీఁగిపోవును. అందువలన భాషకు నష్టము లేదు, సత్యమునకు లాభము గలదు.